రాతినేలలో బోరుకి ఏ రిగ్గు మాట్లాడుకోవాలి? రిగ్గు సంగతి తర్వాత, ముందు బిట్టు కొలవండి

"మా పొలమంతా రాయి. బోరు వేయించాలి. ఏ కంపెనీ రిగ్గు, ఎంత కంప్రెసర్ ఉన్నది మాట్లాడుకుంటే మంచిది?" అని కదా మీరు అడిగింది.

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్కన పల్లె. ఇంటర్ తప్పాక రెండేళ్ళు రిగ్గు మీద రాడ్లు (బోర్లోకి దించే ఇనప గొట్టాలు) ఎత్తి దించే పని చేశాను. ఆ తర్వాత ఇప్పటిదాకా మోటారు వైండింగ్ షాపే నా బతుకు, దాంతోపాటు బోర్లలో మోటార్లు దించడం, ఇరుక్కుంటే లాగడం. అంటే రిగ్గువాళ్ళు డబ్బులు లెక్కపెట్టుకుని పోయాక, వాళ్ళు చేసిన పని లోపల ఎట్లుందో చూసేది మేమే. డాక్టరు రాసిన మందు పనిచేసిందో లేదో కాంపౌండరుకే బాగా తెలిసినట్టు, ఏ బోరు ఎట్లుందో మోటారు దించేవాడికే తెలుస్తుంది. అందుకని కొంచెం గట్టిగానే చెప్తున్నా: రిగ్గు కంపెనీ పేరు చూసి బోరు వేయించుకునేవాడు లారీ రంగు చూసి వడ్లు కొనేవాడితో సమానం.

కంప్రెసర్ గురించి రెండు ముక్కలు చెప్పేస్తా. మన గ్రానైటు నేలకి హ్యామర్ రిగ్గే, అందులో అనుమానం లేదు. కొసన రాతిని పగలగొట్టే ముక్కని బిట్టు అంటారు, బోరు ఎంత లావొస్తుందో దాన్ని బట్టే. హ్యామర్ బోరు అడుగున ఆ బిట్టు వెనకాలే కూర్చుని గాలితో దంచుతుంది, అదే గాలి రాతిపొడిని పైకి తోస్తుంది. వంద అడుగుల నీళ్ళు దాదాపు 43 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) బరువు. నాలుగు వందల అడుగుల నీళ్ళు బోర్లో నిలబడ్డాయంటే 170 పైనే. రాడ్డు మార్చేలోపు నీళ్ళు పైకి లేస్తాయి, మళ్ళీ గాలి వదిలితే ముందు ఆ నీళ్ళని తోసుకుని రావాలి, ఆ తర్వాతే హ్యామర్ కొట్టాలి. 200 పీఎస్ఐ పాత కంప్రెసర్ అక్కడ దగ్గుతుంది. అందుకే 300 పీఎస్ఐ, 1100 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) ఉన్నది అడగండి, ఇప్పుడు చాలామంది దగ్గర అదే ఉంటోంది. ఆరున్నర ఇంచుల బోరులో నాలుగున్నర ఇంచుల రాడ్డు తిప్పుతున్నారా అని కూడా చూడండి. రాడ్డు సన్నగా ఉంటే చుట్టూ సందు ఎక్కువై గాలి వేగం తగ్గుతుంది, రాతిముక్కలు పైకి రాకుండా మళ్ళీ కిందికే పడి హ్యామర్ మీద కూర్చుంటాయి.

కృష్ణా, గోదావరి డెల్టాలో ఒండ్రుమట్టికి ఇవేవీ పనికిరావు, అక్కడ బెంటొనైటు అనే బంకమట్టి కలిపిన బురద తిప్పే రోటరీ రిగ్గు కావాలి. మా పక్క తాడిపత్రి, బేతంచెర్ల వైపు సున్నపురాయిలో అయితే ఒక్కోసారి బిట్టు గుహలోకి దిగబడుతుంది. గాలి పైకి రాదు, పొడి రాదు, డ్రిల్లరు తల పట్టుకుంటాడు. ఆదిలాబాద్ నల్లరాయిలో మధ్య మధ్య ఎర్రమట్టి పొర తగిలి బోరు కూలుతుంది. మీది ఏ నేలో రాయలేదు. "రాయి" అంటే మన భాషలో అన్నీ రాళ్ళే.

ఇక నేను చెప్పాలనుకున్నది.

2016 ఎండాకాలం. మా చిన్నాయనకి ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట, ఎనిమిదేళ్ళ చెట్లు, కాపు మీదున్నాయి. ఉన్న బోరు ఎండిపోతే ట్యాంకర్లతో నీళ్ళు తోలుతున్నాడు. అంతకుముందు వేసినవి ఆరు బోర్లు, ఆరూ దుమ్మే. ఏడోదానికి కొబ్బరికాయ పట్టుకునే ఆయన వచ్చాడు. అరచేతిలో కాయ నిలబడిన చోట రాళ్ళు పేర్చి పోయాడు. (మొదటి ఆరు చోట్లా కాయ నిలబడింది. ఈ మాట చిన్నాయనతో అంటే నన్నే తిట్టాడు.)

రిగ్గు రాత్రి ఎనిమిదికి వచ్చింది. ఇవి పగలు ఎందుకు రావో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అనుమతి కాగితం ఉన్నా రాత్రే వస్తారు, లేకపోతే ఎట్లాగూ రాత్రే. 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చింది, రిగ్గు రిజిస్టర్ అయి ఉండాలి, బోరుకి అనుమతి ఉండాలి. కాగితం చూపించమని అడిగిన రైతుని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. డ్రిల్లరు తమిళనాడులోని తిరుచెంగోడు ఆయన, మన పక్క తిరిగే రిగ్గుల్లో చాలావాటికి పుట్టిల్లు ఆ ఊరే. నేను రిగ్గు మీద పనిచేసినోణ్ణి కదా, నాకు తెలిసిన విద్య చూపించుకోవాలని బిట్టు బిగించకముందే కొలిచాను. పద్ధతి ఏమంటే, బిట్టుకి అటొక ఇటుక ఇటొక ఇటుక ఆనించి నిలబెట్టి, బిట్టు తీసేసి ఇటుకల మధ్య సందు టేపుతో చూడటమే. కొత్త ఆరున్నర ఇంచుల బిట్టు 165 మిల్లీమీటర్లు ఉండాలి. 164 వచ్చింది. రాతిని కొట్టే అంచు బటన్లు (బిట్టు మూతికి పొదిగిన గట్టి లోహపు బొడిపెలు) గుండ్రంగా, గోళీల్లా ఉన్నాయి.

"పుదు బిట్టు అన్నా, ఒన్నుమ్ ప్రాబ్లమ్ ఇల్లే," అన్నాడు డ్రిల్లరు. కొత్త బిట్టే, ఏ ఇబ్బందీ లేదని.

నేను చిన్నాయన వైపు గొప్పగా చూశాను. అదే నా తప్పు.

నలభై ఆరు అడుగుల దాకా గరుసు, సుద్ద. ఆ తర్వాత పొడి రంగు మారింది, ఎరుపు పోయి నీలం కలిసిన బూడిద రంగు, హ్యామర్ చప్పుడు కూడా డబడబ నుంచి టకటకకి మారింది. కేసింగ్ (పైమట్టి జారకుండా బోర్లో దించే పైపు) అక్కడ ఆపకూడదు, గట్టిరాతిలోకి నాలుగైదు అడుగులు దిగి కూర్చోవాలి, లేకపోతే వానాకాలం పైమట్టి జారి బోర్లో పడుతుంది. మా వాళ్ళు రెండడుగులు తగ్గించి డబ్బు మిగుల్చుకుందామని చూశారు, నేను ఒప్పుకోలేదు. ఇది మాత్రం సరిగానే చేశాను.

పదకొండుకి రెండు వందల అడుగులు. దుమ్ము లేచి అందరం ముసలోళ్ళమయ్యాం, కనుబొమ్మల దాకా తెలుపు. రాడ్లు పట్టే పిల్లోళ్ళు ముక్కుకి తువ్వాలు కట్టుకున్నారు, అంతే. ఇద్దరికీ పందొమ్మిదేళ్ళు దాటి ఉండవు. బోర్లోకి గాలితో పాటు కొంచెం నీళ్ళు వదిలితే ఈ దుమ్ము సగం అణిగిపోతుంది, కానీ దానికి ట్యాంకరు నీళ్ళు రైతు ఇవ్వాలి, నీళ్ళ కోసమే బోరు వేస్తున్న రైతు ఎక్కడి నుంచి ఇస్తాడు? ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. సిలికోసిస్ అంటారు. నేను రెండేళ్ళకే మానేయడానికి సగం కారణం అదే. మిగతా సగం మా అమ్మ.

రెండు గంటల వేళ రాడ్లన్నీ పైకి లాగడం మొదలుపెట్టారు. నేను గట్టు మీద పడుకుని ఉన్నా. లేచి అడిగితే "హ్యామర్ సర్వీస్, తంబీ, అర గంట" అన్నారు. అన్న కాస్తా తంబీ (తమ్ముడు) అయ్యాను, అప్పుడైనా అనుమానం రావాల్సింది. మళ్ళీ పడుకున్నా.

తెల్లారుజామున 430 అడుగుల దగ్గర నీళ్ళు తగిలాయి. ఎట్లా తగిలాయంటే కేసింగ్ మీద నుంచి లేచి రిగ్గు మాస్టు (నిలువు స్తంభం) సగం దాకా కొట్టింది. చిన్నాయన చొక్కా విప్పి తడిశాడు. చిన్నమ్మ చక్కెర తెచ్చి అందరి నోట్లో పోసింది, దుమ్ము నోళ్ళలోనే. ఎందుకైనా మంచిదని 560 దాకా పోయి ఆపారు. రెండున్నర ఇంచుల నీళ్ళు అన్నాడు డ్రిల్లరు.

ఈ ఇంచుల లెక్క ఒక పెద్ద మోసం, చెప్పి ముందుకి పోతా. రైతు ఇంచులంటే పైపు లావు అనుకుంటాడు. రిగ్గువాడు చెప్పేది వీ ఆకారం కోసిన రేకు మీద నీళ్ళు ఎంత ఎత్తున పారాయన్నది. రెండించులు అంటే ఆ రేకు లెక్కన గంటకి మూడు వేల లీటర్లు కూడా నిండవు. రైతు అనుకునే రెండించుల పైపు నీళ్ళు దానికి ఎన్నో రెట్లు. ఎవరూ అబద్ధం చెప్పనట్టే ఉంటుంది, మనం మాత్రం మునుగుతాం. రేకు పెట్టి చూపించమనండి, లీటర్లలో చెప్పమనండి.

సరే. రెండ్రోజులకి మోటారు దించాం. వీ6 (ఆరించుల రకం) సబ్‌మెర్సిబుల్, అంటే నీళ్ళలో మునిగి పనిచేసే మోటారు, ఇరవై అడుగుల జీఐ పైపులు. ఒక్కో పైపు బిగించడం, చైన్ పుల్లీ వదలడం, క్లాంపు కట్టడం. పద్నాలుగు పైపులు హాయిగా దిగాయి. పదిహేనోది మొదలుపెట్టి కొంచెం వదిలామో లేదో చైను వదులైపోయింది. అంతవరకు బరువుతో తీగలా బిగిసి ఉన్న చైను, ఉన్నట్టుండి బట్టలారేసే తాడులా వేలాడింది. మోటారు ఎక్కడో కూర్చుంది. ఎవరూ మాట్లాడలేదు.

"ఏమైందప్పా?" అన్నాడు చిన్నాయన.

పైకి లాగితే రాదు. ముక్కాలి కాలు భూమిలోకి దిగబడుతోంది గానీ పైపు కదలదు. మా షాపుకి వచ్చే వీ6 మోటార్లు చాలావరకు 143 మిల్లీమీటర్ల లావు. దాని పక్కనే కేబుల్ పోవాలి, కేబుల్‌కి గార్డు ఉంటుంది, అన్నీ కలిపితే 155 దాటుతుంది. 165 బోరైతే చుట్టూ సందు ఉంటుంది. లోపల అంత లేదు. మర్నాడు క్రేను తెచ్చి బయటికి లాగాం, కేబుల్ ఒరుసుకుపోయి రాగి కనిపిస్తోంది. ఆ తర్వాత పెద్ద పైపు ముక్క రెండడుగులది తాడు కట్టి దించి చూశాను. సరిగ్గా 280 అడుగుల దగ్గర ఆగిపోయింది.

ఇరవై అడుగుల రాడ్లు పద్నాలుగు అయితే ఎంత? 280. రాత్రి రెండు గంటలకి లాగినవి ఎన్నో అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రిగ్గు అప్పటికి కంబదూరు వైపు ఇంకో పొలంలో ఉంది. బండేసుకుని పోయాను. పోట్లాడదామనే పోయాను. డ్రిల్లరు టీ తాగుతున్నాడు, నన్ను చూడగానే మొహం దించేశాడు. ట్రక్కు మీద పాత బిట్టు పడి ఉంది. అక్కడే రెండు రాళ్ళు ఆనించి కొలిచాను. 154. అంచు బటన్లు అరిగి రూపాయి బిళ్ళల్లా చదునుగా మెరుస్తున్నాయి. కొత్తదానికి రెండు బటన్లు విరిగాయట, ఇంకోటి లేదట, ఉన్న పాతదే బిగించారట. "ఓనరు బిట్టు ఇస్తేనే కదా తంబీ. అడుగుకి ఇంత అని లెక్క, బిట్టు ఎంత నడిస్తే ఆయనకి అంత మిగులు," అన్నాడు. ఆయన మీద కోపం సగం పోయింది. ఓనరుకి ఫోన్ చేస్తే, 280 నుంచి కిందికి మళ్ళీ వెడల్పు చేయాలంటే అడుగుకి మళ్ళీ డబ్బు అన్నాడు. అప్పటికే అడుగుకి డెబ్బై ఐదు, మూడు వందల అడుగులు దాటాక ప్రతి వంద అడుగులకీ పెరిగే రేటుతో కట్టి ఉన్నాం. చిన్నాయన దగ్గర ఇంక తీయడానికి చెవిపోగులు కూడా లేవు.

చివరికి నాలుగు ఇంచుల వీ4 మోటారు దించాం. అది దిగింది, నీళ్ళూ పోసింది, కానీ మూడెకరాల డ్రిప్పుకే సరిపోయింది. రెండెకరాల చెట్లు ఆ జూన్‌లోనే కొట్టించాడు. చీనీ కట్టె బాగా మండుతుందని ఇటుక బట్టీవాడు కొనుక్కుపోయాడు. నీళ్ళు పడని ఆరు బోర్ల మీద చిన్నాయనకి పెద్దగా బాధ లేదు, నుదుటి రాత అనుకున్నాడు. పడిన ఏడోదాని మీదే ఇప్పటికీ బాధ.

అందుకే మీకు చెప్పేది. పెద్ద బిట్టుతో మొదలుపెట్టి మధ్యలో అరిగిన చిన్నదానికి దిగొచ్చు, ఎవరికీ తెలియదు. అరిగినదానితో మొదలుపెట్టి కొత్తది దించితే మాత్రం ఇరుక్కుంటుంది, కాబట్టి మోసం ఎప్పుడూ మొదటి దారిలోనే జరుగుతుంది. మొదలుపెట్టేటప్పుడు కొలిస్తే చాలదు. రాడ్లు పూర్తిగా బయటికి వచ్చిన ప్రతిసారీ, అర్ధరాత్రి అయినా సరే, లేచి కొలవండి. అడ్వాన్సు ఇచ్చేముందే "బోరు అడుగు దాకా 160 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, ఆఖర్న పైపు ముక్క దించి చూపించాకే మిగతా డబ్బు" అని నలుగురి ముందు మాట అనిపించుకోండి. రిగ్గు మాట్లాడిపెట్టే ఏజెంటు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనివ్వండి, ఆయన కమిషను మీ అడుగుల్లోంచే పోతుంది. ఇంకొకటి, నీళ్ళు పడకపోతే మూత వేయించాకే రిగ్గుని కదలనివ్వండి. తెరిచిన బోర్లలో పిల్లలు పడుతున్నారని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్నాయన ఆరు బోర్లకీ నేనే బండలు మూయించాను.

ఇప్పుడు ఇటుకల అవసరం లేకుండా లేత్ షాపులో ఒక పెద్ద కాలిపర్ చేయించుకుని షాపులో తగిలించాను. ఊళ్ళో ఎవరు బోరు వేసినా వచ్చి అడిగి పట్టుకుపోతారు. పోయిన నెల మా బామ్మర్ది తీసుకుపోయాడు, 410 అడుగుల్లో మంచి నీళ్ళు పడ్డాయి, మోటారు కూడా నేనే దించాను, అడుగు దాకా ఎక్కడా తగల్లేదు. కాలిపర్ మాత్రం ఇంకా తిరిగి ఇవ్వలేదు.