నల్లకోటు బీరువాలో ఉండే లాయరు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల వ్యాపారం. అమ్మాయి ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. దేశాల మధ్య కంపెనీల ఒప్పందాలు చూసే కార్పొరేట్ లాయర్ అవుతానంటోంది. మా ఇంట్లో లాయర్లెవరూ లేరు. రేపు తనకు కేసులెవరిస్తారు?

జవాబు: కేసులెవరూ ఇవ్వక్కర్లేదండీ. ఈ పనిలో ఉన్నవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కరు. గొడవ ఎక్కడ వస్తుందో ముందే పసిగట్టి, కాగితం మీదే దానికి అడ్డుకట్ట వేయడం వాళ్ల పని.

సూరత్ నుంచి వచ్చిన బేలు దారిలో తడిస్తే నష్టం ఎవరిదని మీరు ఫోన్లోనే తేల్చుకుంటారు కదా. పాత కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయిని తీసుకోండి. దాని పొడి చమురు బావుల తవ్వకానికి విదేశాలకు వెళ్తుంది. సరుకు దిగాక అక్కడివాళ్లు 'సాంద్రత తక్కువుంది, డబ్బు కట్టం' అంటే? ఎఫ్‌ఓబీ పద్ధతిలో అమ్మితే, ఓడకెక్కాక జరిగే నష్టం కొన్నవాడిది. మరి సాంద్రత పరీక్ష ఏ రేవులో, ఎవరి ల్యాబులో? తగువు తేల్చేది ఏ దేశపు చట్టం? ఇలాంటి ఒక్క వాక్యం కోసం రెండు పక్షాల లాయర్ల మధ్య మూడు రోజులు ఈమెయిళ్లు నడుస్తాయి. ఇక్కడి కోర్టు డిక్రీని పరాయి దేశంలో అమలు చేయించడం తలనొప్పి. అందుకే తగువును మధ్యవర్తిత్వానికి, చాలాసార్లు సింగపూర్‌లోనో లండన్‌లోనో, పంపుతామని ముందే రాసుకుంటారు. 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక ఉంది కాబట్టి ఆ తీర్పు చాలా దేశాల్లో చెల్లుతుంది.

పెట్టుబడుల పని ఇంకో రకం. విదేశీ కంపెనీకి ఇక్కడి కంపెనీ షేర్లు జారీ చేస్తే, 1999 ఫెమా (విదేశీ మారకద్రవ్య) చట్టం కింద 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు తెలియజేయాలి. తేదీ దాటితే ఆలస్య రుసుము, దాంతో క్లయింటు చీవాట్లు.

ఇక చదువు. జాతీయ లా వర్సిటీల ప్రవేశ పరీక్ష పేరు క్లాట్. అందులో 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. లెక్కలు కొంచెమే, మిగతాదంతా పేరాలు చదివి అర్థం చేసుకోవడం. హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లా వర్సిటీలు రెండింటికీ ఇదే దారి. సీటు రాకపోతే, రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ ఉంది. కాకపోతే, మొహమాటం లేకుండా చెబుతున్నా, పెద్ద సంస్థలు ముందు కాలేజీ పేరే చూస్తాయి. లాసెట్‌తో చేరినవాళ్లు ప్రతి సెలవుల్లోనూ బెంగళూరో హైదరాబాదో వెళ్లి ఇంటర్న్‌షిప్ వెతుక్కోవాలి. లా చదువుతో పాటే, కంపెనీ చట్టాల ప్రకారం నడిచేలా చూసే కంపెనీ సెక్రటరీ కోర్సు చేస్తే ఇంకా మంచిది. సీఈసీలో కామర్స్ చదివిన పిల్లకు అదేమీ కొత్త కాదు.

మొదటి నాలుగైదేళ్లు రాత్రుళ్లు ఆఫీసులోనే తెల్లారుతుంటాయి. మీరు అసలు టెన్షన్ పడాల్సిన విషయం ఇదీ, కేసులు కాదు.

కోచింగ్ ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. మీ దుకాణం అద్దె అగ్రిమెంటు ఆమె చేతికిచ్చి, మనకు నష్టం తెచ్చే వాక్యాలు గీత గీసి చూపించమనండి. రెండో పేజీకే ఆవలిస్తే ఇంకోసారి ఆలోచిద్దాం. 'నాన్నా, ఖాళీ చేయమనడానికి ఎన్నాళ్ల ముందు నోటీసివ్వాలో ఇందులో లేదేంటి?' అని అడిగితే, ఫీజు కట్టేయండి.