ఇంగ్లీషువాళ్లను ‘పరంగులు’ అనేవారు కదా, ఆ మాట ఎక్కడిది? తిట్టా?

తిట్టు కాదు. మా అనంతపురం వైపు అది పండు పేరు కూడా. మీరు బొప్పాయి అనేదాన్ని మేం పరంగి పండు అంటాం. కన్నడం వాళ్లకూ అది పరంగి హణ్ణే. తిట్టయితే ఇంటింటా పెరట్లో ఉన్న చెట్టుకు పెట్టుకుంటామా?

ఆఫీసు పని మీద బ్యాంకాక్ వెళ్లినప్పుడు ఈ విషయం నాకు బాగా పట్టుబడింది. లండన్ నుంచి వచ్చిన కొలీగ్, నేను సాయంత్రం ఒక పళ్ల బండి దగ్గర ఆగాం. అద్దాల పెట్టెలో ఐసు మీద కోసిన పళ్లు పేర్చి ఉన్నాయి. బండి ఆమె ఆయన్ని చూసి పక్కనున్న మనిషితో ఏదో చెబుతూ ‘ఫరాంగ్’ అంది. ఆ మాట నా చెవిన పడింది. నేను జామకాయ చూపించి పేరడిగితే దానికీ ‘ఫరాంగ్’ అనే చెప్పింది! ముక్కలు కోసి కవర్లో వేసి, పుల్ల గుచ్చి, ఉప్పూ చక్కెరా కారమూ కలిపిన పొట్లం చేతికిచ్చింది. నాకు మా పరంగి చెట్టే కళ్ల ముందు కదిలింది. వాళ్లు తెల్లవాళ్ల పేరు జామకు పెట్టుకున్నారు, మేం బొప్పాయికి పెట్టుకున్నాం. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్లే. వాటిని ఇటు తెచ్చింది ఆ కాలపు ఐరోపా ఓడలు.

మాట మూలం ఫ్రాంకులు అనే పాత ఐరోపా తెగ. ఫ్రాన్సుకు ఆ పేరు వచ్చింది కూడా వాళ్ల వల్లే. పాలస్తీనా మీదికి క్రూసేడ్ల (క్రైస్తవ మతయుద్ధాల) పేరుతో దండెత్తి వచ్చిన పడమటివాళ్లందరినీ అరబ్బులు ‘ఇఫ్రంజ్’ అన్నారు. పారశీకంలో ‘ఫరంగీ’ అయి మన దేశం చేరింది. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ వచ్చాక పోర్చుగీసువాళ్లకు ఇక్కడ అదే పేరు స్థిరపడింది. ఇంగ్లీషు కంపెనీవాళ్లు మచిలీపట్నం వచ్చింది 1611లో. అంటే వాళ్లకు దక్కింది ముందొచ్చినవాళ్ల పేరే. 16వ శతాబ్దపు ‘భావప్రకాశం’ అనే ఆయుర్వేద గ్రంథంలో సిఫిలిస్ అనే సుఖవ్యాధిని ‘ఫిరంగ రోగం’ అన్నారు. దానికి మందుగా వాడిన దుంప ఇప్పటికీ మూలికల కొట్టులో పిరంగి చెక్క పేరుతో దొరుకుతుంది.

ఫిరంగులు పేల్చారు కాబట్టి ఫిరంగీలయ్యారని వాట్సాప్‌లో తిరిగేది తలకిందుల కథ. మనుషుల పేరే ఆ ఆయుధానికి వచ్చింది.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. హైదరాబాద్‌లో బండి దగ్గర పరంగి పండు ఎంత అని అడిగితే వింతగా చూస్తారు. పక్కనున్నవాళ్లు ‘బొప్పాయి అనాలండీ’ అని దిద్దుతారు. బొప్పాయి మాత్రం అచ్చతెలుగా? పపాయా నుంచి వచ్చిందే కదా! మా సీమ మాట వినగానే తప్పు పట్టడం ఎందుకు? పిల్లల వాచకాల్లో పండు బొమ్మ కింద రెండు పేర్లూ వేయాలి. అనంతపురం పిల్లలు ఇంట్లో విన్న మాట అక్కడ కనపడాలి.