లాక్‌డౌన్‌లో స్టంటు గుండె: తమ్ముడికి అక్క రాసిన జాబు (ఏప్రిల్ 2020)

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. కరోనా లాక్‌డౌన్ని మే 3 దాకా పొడిగించారు కదా, ఆ రోజుతో అయిపోతుందని లెక్కేసుకోకు. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటుందనుకుని ఏర్పాట్లు చేసుకో. నీకు గుండె నాళాన్ని తెరిచి ఉంచే తీగల గొట్టం, అదే స్టంటు, వేసి ఎనిమిది నెలలు, ఎకో పరీక్షలో గుండె పంపింగ్ 40 శాతమే. వైరస్ భయం ఉండాల్సిందే, కానీ ఆ భయంతో గుండెకి ఇబ్బంది వచ్చినా ఆసుపత్రికి కదలకపోవడం నీకు అంతకంటే ప్రమాదం.

ముందు మాత్రల సంగతి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఒక్క పూట కూడా మానొద్దు. స్టంటు తీగల మీద నాళం లోపలి పొర పూర్తిగా పరుచుకునేదాకా రక్తం అక్కడ గడ్డకట్టే వీలుంది, ఈ రెండూ దాన్ని ఆపుతాయి. అందుకే రెండూ కలిపి ఏడాది దాకా అన్నారు. ఎప్పుడు ఆపాలో స్టంటు వేసిన డాక్టరే చెప్పాలి. మెటోప్రొలాల్ కూడా షాపులో లేదని ఉన్నపళంగా ఆపితే నాడి, బీపీ ఎగిసిపడతాయి. డబ్బాలో పది రోజుల మాత్రలు మిగిలినప్పుడే కొత్తవి తెప్పించు. ఒక నెలకి సరిపడా అదనంగా ఉంటే చాలు, ఆరు నెలలవి కొనేస్తే పక్క ఊరి గుండె జబ్బు మనిషికి దొరకవు. మందులు తెచ్చే గ్రామ వాలంటీరుకి చీటీ ఇచ్చేటప్పుడు కంపెనీ పేరు కాదు, స్ట్రిప్పు మీద ఉండే అసలు మందు పేరూ, ఎన్ని మిల్లీగ్రాములో రాసివ్వు. కంపెనీ మారినా ఆ రెండూ కలిస్తే వేసుకోవచ్చు. ఒక పూట మర్చిపోతే తరవాతి పూట రెండూ కలిపి మింగకు.

వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది చూశావా? రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు వేసుకుంటే కరోనా తొందరగా పట్టేస్తుందని. వైరస్ కణాల్లోకి దూరే ద్వారం ఏస్2 అనే ప్రోటీన్. ఈ మాత్రలు దాన్ని పెంచుతాయేమోనన్న అనుమానం మీద పుట్టిన మాట అది. ఆపొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషనూ, యూరప్ గుండె వైద్యుల సంఘమూ మార్చిలోనే చెప్పాయి. ఎవరో అన్నారని రామిప్రిల్ మానేస్తే పంపింగ్ ఇంకా పడిపోవచ్చు. ముందుజాగ్రత్త అంటూ హైడ్రాక్సీక్లోరోక్విన్ మింగేవాళ్ళూ తయారయ్యారు. అది ఈసీజీలో క్యూటీ అనే భాగాన్ని సాగదీస్తుంది, గుండె లయ తప్పొచ్చు. డాక్టరు రాయకుండా నువ్వు ముట్టుకోకు.

ఒళ్ళు నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలబెట్టి, కిడ్నీలని నొక్కి, ఆయాసం తెప్పిస్తాయి. నొప్పికీ జ్వరానికీ మామూలు పారాసిటమాల్ వేసుకో, నీళ్ళలో బుసబుసమనే బిళ్ళల్లో మాత్రం సోడియం ఎక్కువ. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ తీసే మందు బీపీ పెంచుతుంది. ఆర్ఎంపీ సూది తీసే ముందే స్టంటు ఉందని చెప్పు.

ఇక రోజూ చేయాల్సింది బరువు చూసుకోవడం. పొద్దున లేచి, ఒంటికి వెళ్ళొచ్చి, కాఫీ తాగక ముందు, రోజూ ఒకేలాంటి పంచెతో. మిషన్ గచ్చు మీద పెట్టు, చాప మీద పెడితే అంకె తప్పు చూపిస్తుంది. నోటు పుస్తకంలో తేదీ, బరువు రాయి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. కాళ్ళ వాపు పైకి కనపడక ముందే ఈ అంకె చెబుతుంది. ముంగాలి ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి చూడు, గుంట పడి నిలిస్తే నీరు పట్టినట్టే. ఒక తలగడతో పడుకునేవాడివి రెండు కావాల్సి వచ్చినా, రాత్రి ఆయాసంతో లేచి కూర్చున్నా తెల్లారేదాకా చూద్దామనుకోకుండా డాక్టరుకి ఫోను చెయ్యి. కూర్చున్నా తగ్గకపోతే 108కే. నీరు తీసే బిళ్ళ పొద్దున్నే వేసుకో. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్రం డాక్టరుని అడక్కుండా అది వేసుకోవద్దు, బీపీ పడిపోతుంది.

బీపీ చూసుకునే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చో. వీపుకి ఆనిక, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చొక్కా చేతి మీద పట్టీ చుట్టొద్దు, మాట్లాడొద్దు. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాయి.

తిండి దగ్గరే నాకు బెంగ, ఎందుకంటే ఇది ఆవకాయ కాలం. జాడీలో కారంతో, ఆవపిండితో ఇంచుమించు సమానంగా పడేది ఉప్పే. రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక చెంచా. లెక్క తేలిక: మీ నలుగురికీ కిలో ఉప్పు 50 రోజులు రావాలి. 30 రోజులకే ప్యాకెట్ ఖాళీ అయితే ఒక్కొక్కరూ 8 గ్రాములు దాటినట్టు. పచ్చడి, అప్పడం, వడియం, ఎండుచేప వీటిలోని ఉప్పంతా ఆ 8 గ్రాముల పైన. చేపలు రావట్లేదని ఎండు రొయ్యలతో సరిపెట్టుకోకు. ఉప్పు తగ్గించిన కూరలో మరదలిని చింతపండు, నిమ్మకాయ, వెల్లుల్లి కాస్త ఎక్కువ వెయ్యమను. రెండు వారాలు చప్పగా ఉంటుంది, తరవాత నాలుక అలవాటు పడుతుంది. గుండెకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు మాత్రం కొనకు. అందులో ఉండేది పొటాషియం. రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వేసుకునేవాడికి అది రక్తంలో పేరుకుంటే గుండె లయ చెడుతుంది.

కోనసీమలో ఉండి ఈ మాటంటే నవ్వుతావు కానీ, కొబ్బరి బొండం కూడా ఆ లెక్కలోదే. దొడ్లో చెట్లున్నాయని ఎండకి రోజుకి మూడు కొట్టించుకోకు. పొటాషియం పరీక్ష చేయించి డాక్టరు సరేనన్నాకే తాగు. నీళ్ళు రోజుకి లీటరున్నర అన్నారు కదా, పొద్దున్నే లీటరు సీసా, అర లీటరు సీసా నింపి పెట్టుకో. మజ్జిగ, కాఫీ, చారు ఏది తాగినా అంత నీళ్ళు సీసాలోంచి తీసెయ్యి. దాహం వేస్తే నోరు పుక్కిలించు. ఎండలు ముదిరి చెమట కారిపోతున్నా, లేస్తే కళ్ళు తిరుగుతున్నా కొలత మార్చాలేమో అడుగు.

నడక మానొద్దు. ఎండ లేనప్పుడు పెరట్లోనో అరుగు మీదో పది నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగుతుంటే వేగం తగ్గించు. ధాన్యం బస్తాలు నువ్వు ఎత్తొద్దు.

ఇప్పుడు అసలైనది, గుండెపోటు గుర్తులు. ఛాతీ మధ్యలో బిగుతు, బరువు, దవడకో ఎడమ చేతికో పాకడం, చెమటలు. దీన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి, సూది వేయించుకుని, అర పూట పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ. నీకు షుగరుంది కాబట్టి నొప్పి లేకుండా ఆయాసం, నీరసంతోనే రావచ్చు. వెంటనే కూర్చో. సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకో, నిలబడి పెట్టుకుంటే బీపీ తగ్గి కింద పడిపోవచ్చు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను. అప్పుడు ఆస్పిరిన్ ఎంత నమలాలో ఇవాళే మీ డాక్టరుని అడిగి పుస్తకం అట్ట మీద రాసిపెట్టు. మూసుకున్న నాళాన్ని తెరిచేది ఎంత ముందైతే అంత గుండె కండ మిగులుతుంది, మొదటి రెండు గంటలే బంగారం. బండి మీద వెనక కూర్చుని వెళ్ళకు.

మీది లంక కాబట్టి 108 రేవు దాకానే వస్తుంది. పడవవాడి నంబరు, అతను లేనప్పుడు ఇంకొకడి నంబరు, అవతలి గట్టున ఏ రేవుకి రావాలో అంబులెన్సుకి చెప్పాల్సిన గుర్తు, ఇవి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు. రాత్రి పూట పడవ తీస్తాడా అని ముందే మాట తీసుకో. అమలాపురంలో రాత్రిళ్ళు ఈసీజీ తీసి, గడ్డ కరిగించే సూది వేసేది ఎక్కడో, స్టంటు వేసే ల్యాబ్ కాకినాడలోనా రాజమండ్రిలోనా ఎక్కడ నడుస్తోందో ఫోను చేసి కనుక్కో. చెక్‌పోస్టు దగ్గర ఆపితే చూపించడానికి డిశ్చార్జి కాగితం, యాంజియోగ్రామ్ సీడీ, ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్ వరదలప్పుడు దాచినట్టు ఒకే ప్లాస్టిక్ కవర్లో కట్టి తలుపు వెనక తగిలించు.

మామూలు చూపింపుకి ఇప్పుడు ఊరు దాటక్కర్లేదు. ఫోనులోనే చూసి మందులు రాయొచ్చని మార్చి 25న డాక్టర్లకి నిబంధనలు ఇచ్చారు. మన రాష్ట్రంలో 14410కి చేస్తే ప్రభుత్వ డాక్టరే తిరిగి ఫోను చేస్తాడు. మాట్లాడేటప్పుడు ఆ నోటు పుస్తకం చేతిలో ఉండాలి, "బానే ఉందండి" అంటే ఆయనకేమీ తెలియదు. వారం బరువులూ, బీపీలూ చదువు.

బయటి పనులు పిల్లాడికి అప్పగించు. వాడు వచ్చాక సబ్బుతో చేతులు కడిగి, చొక్కా మార్చి నీ దగ్గరికి రావాలి. రేపు పొద్దున బరువు చూశాక ఫోను చేసి ఆ అంకె నాకు చెప్పు.

ఇట్లు,
మీ అక్క