పాత ఇంటి కింద సెల్లార్ అంటే ముందు ఊట సంగతి చూడండి

ఇరవై ఏళ్ళ కిందట కట్టిన ఇంటి కింద చుక్క నీరు దిగని సెల్లార్ వేయించవచ్చా అని అడిగారు. వేయించవచ్చండి. మేం విశాఖ ఎంవీపీ కాలనీలో 2014 ఎండాకాలంలో ముందు గది కింద వేయించాం, కానీ ఊటని తక్కువ అంచనా వేసి చాలా బాధపడ్డాం.

గొయ్యి తీసింది మే నెలలో. ఎర్రమట్టి, గునపం వేస్తే పొడి రాలేది. ఇక్కడ ఊట లేదు, లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేస్తే చాలు అన్నాడు మేస్త్రీ, మేమూ నమ్మాం. వానలు పడ్డాక గోడా నేలా కలిసే మూలలో ఉప్పులా తెల్లటి గీత వచ్చింది, గోటితో గీరితే పొడి రాలి కింద చెమ్మ తగిలేది. కొద్దిరోజులకే ప్లాస్టరింగ్ ఉబ్బి ఊడిపోయింది, ఎందుకంటే నీరు గోడ వెనక నుంచి తోస్తోంది. మూలలో చిన్న సంపు తీసి మోటారు పెట్టించాం, ఇక టెన్షన్ లేదనుకున్నాం. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది, కరెంటు రోజుల తరబడి లేదు, నాన్నా నేనూ బకెట్లతోనే తోడాం.

మరుసటి ఏడాది గోడ బయటి మట్టి తవ్వించి బయటి వైపు నీరు దిగని పొర వేయిస్తే గానీ తగ్గలేదు. మీరు ఆ పని మొదట్లోనే చేయించండి. నేల స్లాబుకీ గోడకీ మధ్య జాయింట్‌లో పీవీసీ వాటర్ స్టాపర్ (నీరు దూరకుండా అడ్డుకునే పట్టీ) పెట్టకుండా కాంక్రీట్ పోయనివ్వకండి, తర్వాత పెట్టడానికి కుదరదు. ఇంకోటి, బయట నీరు నేల స్లాబు కన్నా ఒక మీటరు పైకి వస్తే ప్రతి చదరపు మీటరునీ టన్ను బరువుతో పైకి నెడుతుంది, పది బై పన్నెండు అడుగుల గదికే పదకొండు టన్నులు, అందుకే స్లాబు మందం, కమ్మీ స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టాలి, మేస్త్రీ అంచనా చాలదు. పాత పునాది కింద ఒకేసారి తవ్వించకండి, మీటరు ముక్క తీసి కాంక్రీట్ వేసి, అది గట్టిపడ్డాకే ఇంకో ముక్క, అదీ పక్కది కాకుండా. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అనుమతి ముందే తీసుకోండి.

మీ పెరట్లోగానీ పక్కింట్లోగానీ నుయ్యి ఉంటే కార్తీక మాసంలో నీళ్ళు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయో టేపు వదిలి కొలవండి. ఆ కొలతా, మీ ఇంటికి కొండ ఎటు, గెడ్డ (వాగు) ఎటు ఉన్నాయో రాస్తే ఇంకాస్త వివరంగా చెప్తాను.