మా ఊరి లైబ్రరీలో పిల్లలకి కోడింగ్ క్లబ్ పెట్టాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నలో తేల్చుకోవాల్సినవి మూడు. ఏ ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెట్టాలి, ఎన్ని కంప్యూటర్లు కావాలి, నెల తిరిగేసరికి పిల్లలు మానేయకుండా ఏం చెయ్యాలి. తెనాలి దగ్గర మా ఊరి గ్రంథాలయంలో మూడేళ్ళుగా ఆదివారాలు ఇదే పని మీద ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ఉద్యోగం సాఫ్ట్‌వేరే గానీ, పిల్లలకి చెప్పే దగ్గర అది పెద్దగా అక్కరకు రాలేదు. ఒక్కోసారి అడ్డమే అయింది.

ముందు నా తప్పు. పైథాన్ అనే, కోడ్ టైపు చేసే భాషతో మొదలుపెట్టాను. ఆఫీసులో రోజూ వాడేది అదే, పైగా "అసలు" భాష నేర్పుతున్నామంటే తల్లిదండ్రులకి కూడా గొప్పగా ఉంటుందనుకున్నా. మొదటి వారం 14 మంది వచ్చారు. గంటన్నర క్లాసులో గంటసేపు కొటేషన్ మార్కుకి షిఫ్ట్ ఎందుకు నొక్కాలి, కోలన్ ఎక్కడుంది, ఈ ఎర్ర అక్షరాలేంటి, వీటికే సరిపోయింది. బోర్డు మీద నేను రాసింది వాళ్ళు చూసి టైపు చేశారు, అంతే. ట్యూషన్‌కి ఇంకో పేరు పెట్టినట్టయింది. నాలుగో ఆదివారానికి ఐదుగురు మిగిలారు. అందులో ఇద్దరు మా పెద్దమ్మ మనవలు, రాక తప్పదు.

అప్పుడు స్క్రాచ్‌కి మారాం. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో అందరికీ ఇచ్చిన భాష ఇది, పైసా ఖర్చు లేదు. కోడ్ టైపు చెయ్యక్కర్లేదు, రంగు రంగుల బ్లాకుల్ని లాగి ఒకదాని కింద ఒకటి తగిలించడమే. మావాళ్ళు వాటిని ముక్కలంటారు. మీద రాసిన ఇంగ్లీషు చదవలేని పిల్లలు కూడా రంగునీ ఆకారాన్నీ బట్టి పట్టేస్తారు: నీలం ముక్క కదిలించేది, పసుపు ముక్క మొదలుపెట్టేది.

ఆ ఆకారంలో ఎంత ఆలోచన ఉందో నాకు చూపించింది ఐదో తరగతి పిల్ల. 'ఫరెవర్' (ఎప్పటికీ) అనే ముక్క కింద ఇంకో ముక్క తగిలించాలని ఐదారుసార్లు లాగింది. అతుక్కోదు. "అక్కా, ఇది పాడైపోయింది" అంది. మిగతా ముక్కలన్నిటికీ కింద చిన్న బొడిపె ఉంటుంది, దీనికి మాత్రం నున్నగా ఉంది, ఎందుకో చూడమన్నా. కాసేపు చూసి, "ఇది ఎప్పటికీ అయిపోదుగా, ఇంక దీని తర్వాత ఏం వస్తుంది?" అంది. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తూ అనంతంగా తిరిగే లూప్ గురించి ఇంజనీరింగ్‌లో మాకు చెప్పింది ఇంతకంటే ఎక్కువేం కాదు.

ఇంకో లాభం కూడా ఉంది, ముందు నేను ఊహించలేదు. స్క్రాచ్ తెర మధ్యలో సున్నా ఉంటుంది, కుడి చివర 240, ఎడమ చివర మైనస్ 240. బడిలో రుణ సంఖ్యలు ఆరో తరగతి దాకా రావు. మా దగ్గర నాలుగో తరగతి వాళ్ళు కూడా పిల్లి బొమ్మని ఎడమవైపు పంపడానికి మైనస్ కొట్టేస్తున్నారు, ఎవరూ పాఠం చెప్పకుండానే.

ఇక పిల్లలు నిలబడాలంటే నాకు తెలిసిన కిటుకు ఒక్కటే: వాళ్ళ మౌస్ మీరు ముట్టుకోకండి. చెప్పినంత తేలిక కాదు. ఇద్దరమ్మాయిలు మామిడికాయల ఆట చేస్తున్నారు. పైనుంచి కాయ పడాలి, కింద బుట్టలో పడితే ఒక మార్కు. ఆట మొదలుపెట్టే పచ్చ జెండా నొక్కారు, కాయ బుట్టలోకి దిగింది, స్కోరు 14! ఒక్క కాయకి 14 మార్కులు. తప్పెక్కడుందో నాకు చూడగానే తెలిసిపోయింది. చెయ్యి దానంతటదే మౌస్ మీదికి వెళ్ళబోయింది. వెనక్కి తీసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డా.

వాళ్ళు ముందు సెకను ఆగమనే ముక్క పెట్టారు. కాయ బుట్ట అంచున వేలాడి సెకనుకో మార్కు చొప్పున తీరుబడిగా 14 తెచ్చుకుంది. గదంతా నవ్వులు. అప్పుడు బల్ల పక్కకి జరిపి, ఒకరిని కాయగా, ఒకరిని బుట్టగా నిలబెట్టా. కాయ ఒక్కో అడుగు దిగుతుంటే బుట్ట "తగిలింది" అనాలి, మూడో పిల్లాడు బోర్డు మీద గీత గీయాలి. మూడు గీతలు పడ్డాయో లేదో, బుట్టగా ఉన్న అమ్మాయి అరిచింది: "కాయ పడ్డాక కూడా నాకు తగులుతూనే ఉందక్కా, తీసెయ్యలేదుగా!" పరిగెత్తుకెళ్ళి, తగలగానే కాయని మళ్ళీ పైకి, తెర పై అంచున ఉండే 180 దగ్గరికి పంపే ముక్క పెట్టింది. మొత్తం 40 నిమిషాలు పట్టింది. నేను చేసుంటే అర నిమిషం. మర్నాడు ఆ పిల్ల బడిలో ఆరుగురికి చెప్పిందట, పై వారం నలుగురు కొత్తవాళ్ళొచ్చారు.

ఈ ఒళ్ళు కదిపి ఆలోచించడం నా తెలివేం కాదు. 1967లో సీమోర్ పాపెర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జైగ్ పిల్లల కోసం తెచ్చిన లోగో భాషలో, చెప్పినట్టు నడుస్తూ గీతలు గీసే తాబేలు ఉండేది. తాబేలు ఎలా వెళ్తుందో తేలకపోతే నువ్వే నడిచి చూడమనేవారు. స్క్రాచ్ ఆ వంశంలోదే. మాకు కరెంటు పోయినప్పుడు కూడా ఇదే ఆట.

కంప్యూటర్లు ఎన్నంటే, ఇద్దరికి ఒకటి. ఒక్కొక్కరికి ఒకటి ఉన్నా నేను ఇద్దరినే కూర్చోబెడతాను, మాట్లాడుకుంటే సగం తప్పులు వాళ్ళే పట్టుకుంటారు. కానీ ఫోనులో అలారం పెట్టి పది నిమిషాలకోసారి మౌస్ చేతులు మార్పించండి. లేకపోతే మగపిల్లాడు నొక్కుతూనే ఉంటాడు, ఆడపిల్ల చూస్తూనే ఉంటుంది. మావి తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన పాత లాప్‌టాప్‌లు. స్క్రాచ్ 3 యాప్‌కి విండోస్ 10 కావాలి, 7 ఉన్నవాటి మీద ఎక్కదు, తీసుకునే ముందే చూసుకోండి. యాప్ ఒకసారి ఎక్కించాక నెట్ అక్కర్లేదు, పిల్లలకి అకౌంట్లూ అక్కర్లేదు.

ప్రతివారం ఏం చేయించాలో తోచకపోతే కోడ్ క్లబ్ వాళ్ళ ప్రాజెక్టులు చూడండి. 2012లో బ్రిటన్‌లో 9 నుంచి 11 ఏళ్ళ పిల్లల కోసం మొదలైంది, ఇప్పుడు రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్ నడుపుతోంది, అన్నీ ఉచితం. నేను మాత్రం పిల్లి, దెయ్యం బొమ్మలు తీసేసి గాలిపటం, ఆటో, కోడిపుంజు పెట్టించాను. సంక్రాంతి ముందు కోడిపందేల ఆట చేస్తామన్నారు, పరుగుపందెంతో రాజీపడ్డాం.

తల్లిదండ్రులు సర్టిఫికెట్ అడుగుతారు, జావా భాష ఎప్పుడు నేర్పుతారంటారు. వాళ్ళతో వాదించకండి. నెలకోసారి పిలిచి పిల్లల చేత ఆట ఆడించండి. మా దగ్గర ఒక నాన్నగారు మామిడికాయల ఆటలో కూతురి చేతిలో మూడుసార్లు ఓడి, ఆ తర్వాత సర్టిఫికెట్ మాట ఎత్తలేదు. పైథాన్ కూడా వదిలెయ్యలేదు. ఎనిమిదో తరగతి వాళ్ళు ఇద్దరు టైపు చేసి చూస్తామని వాళ్ళంతట వాళ్ళే అడిగితే, పైథాన్‌లోనూ ఉన్న ఆ తాబేలుతో (టర్టిల్) ముగ్గులు వేయిస్తున్నాను.

టైము సాయంత్రం నాలుగింటికి పెట్టుకోండి. ఉదయమైతే చర్చికెళ్ళే పిల్లలు రారు, ఆడపిల్లలకి ఇంట్లో పని. పెన్‌డ్రైవులు మాత్రం రెండు ఉంచుకోండి, వారంవారం రెండింట్లోనూ పిల్లల ఫైళ్ళు దాచండి. మాది ఒకటి ఎవరి నిక్కరు జేబులోనో ఇంటికెళ్ళి సర్ఫు నీళ్ళలో నానింది.