డిస్లెక్సియా పిల్లలకు ప్రత్యేక పాఠశాల తప్పనిసరా?

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. నోటితో అడిగితే లెక్కలు, సైన్సు చక్కగా చెబుతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం పదం పదం కూడబలుక్కుంటాడు. రాసేటప్పుడు అక్షరాలు వదిలేస్తాడు. సైకాలజిస్టు పరీక్షించి డిస్లెక్సియా అన్నారు. ఇలాంటి పిల్లల కోసమే నడిచే పాఠశాలలో చేర్చమని బంధువులు చెబుతున్నారు. మా వారు ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: డిస్లెక్సియా అంటే తెలివి తక్కువని కాదు, కంటి లోపమూ కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో జతపరచడం మెదడుకు కష్టమవుతుంది. చాలామందిలో అసలు చిక్కు ఇదే. ఇది తరచూ వంశపారంపర్యంగా కూడా వస్తుంది. మీ వారి చిన్ననాటి చదువు ఎలా సాగిందో తీరిగ్గా అడిగి చూడండి. కొందరు తండ్రుల పట్టుదలకు కారణం అక్కడే దొరుకుతుంది.

ప్రత్యేక పాఠశాల పేరు చూసి నిర్ణయం తీసుకోవద్దు. పిల్లవాడికి మేలు చేసేది అక్కడి బోధన పద్ధతి. 1930లలో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే విద్యావేత్త వేసిన బాట నేటికీ ఇలాంటి చాలా పాఠశాలలకు ఆధారం. ముందు ధ్వని, తర్వాత అక్షరం, ఆపైన పదభాగం, పదం, వాక్యం. ఒక మెట్టు గట్టిపడ్డాకే రెండోది. పిల్లవాడు అక్షరాన్ని చూస్తూ, పైకి పలుకుతూ, చేత్తో రాస్తూ నేర్చుకుంటాడు. ముగ్గురు నలుగురికి మించని బృందంలో, దాదాపు రోజూ సాగాల్సిన పని ఇది. వారానికి ఒక గంట ట్యూషన్‌తో తేలిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇదే బోధన ఇప్పుడున్న బడిలో, శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్ ద్వారా దొరికితే బడి మార్చనక్కర్లేదు. స్నేహితులూ, ఆటలూ, మిగతా పాఠాలూ కొనసాగుతాయి. పరీక్షల్లో అదనపు సమయం, ప్రశ్నపత్రం చదివి వినిపించే సాయం, స్పెల్లింగు తప్పులకు మార్కులు కోయకుండా ఉండటం వంటివి కూడా రాతపూర్వకంగా అడగండి. బడిలో ఆ సౌకర్యం లేకపోయినా, రెండేళ్లకు మించి వెనకబడినా, రోజూ ఉదయం కడుపునొప్పి అంటూ బడి ఎగ్గొట్టే దశకు వచ్చినా ప్రత్యేక పాఠశాల వైపు మొగ్గుతాను. తనలాంటి పిల్లల మధ్య చదివినప్పుడు వాళ్లలో సిగ్గు తగ్గడం చూస్తుంటాం. అది చిన్న లాభం కాదు.

చేర్చే ముందు ఒక పూట తరగతిలో కూర్చుని చూడండి. చదవడం నేర్పే ఉపాధ్యాయులకు ఏ శిక్షణ ఉంది? పురోగతిని ఎన్ని నెలలకోసారి కొలుస్తారు? లెక్కలు, సైన్సు వయసుకు తగ్గ స్థాయిలోనే చెబుతారా, లేక అవి కూడా పలచబడతాయా? మీ అబ్బాయి లాంటి చురుకైన పిల్లలకు ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఏ భాషలో పాఠాలు చదవాలో ఆ భాషలోనే చదవడం నేర్పుతున్నారో లేదో కూడా చూడండి. రాసినట్టే పలికే భాషల్లో ఈ పిల్లలు తప్పులకన్నా నెమ్మదితనంతోనే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఇంగ్లీషు స్పెల్లింగులు రెండు విధాలా వేధిస్తాయి. సాధారణ బడికి తిరిగి పంపే ప్రణాళిక ఉందా అనీ అడగండి. మంచి పాఠశాలలు ఆ ప్రశ్నకు నొచ్చుకోవు.

రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను నయం చేస్తాయనడానికి ఆధారాలు లేవని అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే ఉమ్మడిగా ప్రకటించాయి. వాటికి పెట్టే డబ్బు ఉపాధ్యాయులకు పెట్టండి. చూపు, వినికిడి పరీక్షలు మాత్రం ఒకసారి చేయించండి. ఈ పిల్లల్లో ఏకాగ్రత లోపం (ఏడీహెచ్‌డీ) కూడా తరచుగా కనిపిస్తుంది కాబట్టి దాని గురించీ అడగండి. అది ఉంటే విడిగా చికిత్స కావాలి.

ఇప్పటికైతే ఉన్న బడిలోనే రోజువారీ బోధన ఏర్పాటు చేసి, ఆరు నెలల తర్వాత అదే పరీక్ష మళ్లీ చేయించండి. తోటివారితో ఉన్న అంతరం తగ్గకపోతే ఆ రెండు నివేదికలూ మీ వారి ముందుంచి, బడి మార్పు గురించి అప్పుడు మాట్లాడండి.