తాపీ ఎవరి చేతిలో ఉండాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఒక తెలుగు క్రైస్తవ సంఘంలో సభ్యులం. వచ్చే జూన్‌లో మా సంఘం నుంచి పదహారు మంది ఎనిమిది రోజులపాటు హోండురాస్ వెళ్లి, అక్కడి సంఘం నడుపుతున్న బడికి రెండు తరగతి గదులు కట్టాలని నిశ్చయించారు. మనిషికి 2,200 డాలర్లు అవుతుంది. నేనూ, పదిహేడేళ్ల మా అబ్బాయీ పేర్లు ఇచ్చాం. ఇంతలో మా సంఘ పెద్ద ఒకరు "ఇది పరిచర్య కాదు, విహారయాత్ర. ఆ డబ్బేదో పంపిస్తే వాళ్లే కట్టుకుంటారు" అన్నారు. మనసు చివుక్కుమంది. బైబిల్లో నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించినప్పుడు పని రానివారు కూడా కట్టారు కదా? మేము వెళ్లడం తప్పా?
– ఒక సోదరి, టెక్సాస్

జవాబు: సోదరీ, ముందు లెక్క చూద్దాం. పదహారు మందికి 35,200 డాలర్లు. ఆ పెద్దాయన మాట కటువుగా ఉన్నా, దానికి ఆధారం మీరు వెళ్లబోయే హోండురాస్‌లోనే ఉంది. 1998 అక్టోబరు చివర మిచ్ తుఫాను ఆ దేశాన్ని ఊడ్చిపెట్టిన తరువాత, ఉత్తర అమెరికా సంఘాల నుంచి ఎన్నో బృందాలు ఇళ్లు కట్టడానికి అక్కడికి వెళ్లాయి. ఆ దేశంలోనే ఏళ్ల తరబడి ఉండి పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ ఆ ఇళ్ల సంగతి ఆరా తీసి, 2006లో తన పరిశీలనను ప్రచురించారు. స్థానిక క్రైస్తవ సంస్థ దాదాపు 2,000 డాలర్లతో కట్టే ఇంటికి, బయటి బృందం వచ్చి కడితే ప్రయాణ ఖర్చులతో కలిపి దాదాపు 30,000 డాలర్లు అయినట్టు అందులో తేలింది. ఆ ఇళ్లలో కాపురం ఉంటున్నవారికి మాత్రం ఎవరు కట్టినా తేడా ఏమీ తెలియలేదు. వచ్చినవారి మీద అభిమానం ఉన్నా, ఆ సొమ్ముతో మరిన్ని ఇళ్లు లేస్తే బాగుండేదని వారు చెప్పారు. ఇక వెళ్లివచ్చినవారు తమ జీవితమే మారిపోయిందని, ఇకపై ధారాళంగా ఇస్తామని అన్నారు గాని, కానుకల పద్దుల్లో ఆ మార్పు పెద్దగా కనబడలేదు.

అలాగని ఆ పెద్దాయన మాట పూర్తిగా ఒప్పుకోలేను. యాత్ర మానుకుంటే ఆ 35,200 డాలర్లూ హోండురాస్ చేరతాయా? నా అనుభవంలో చేరవు. కొడుకు వెళుతున్నాడంటే చేయి తీసే బంధుమిత్రులు, పేరు కూడా వినని ఊళ్లో బడికి ఇవ్వమంటే పది డాలర్లు ఇవ్వడానికి కూడా ఆలోచిస్తారు. కాబట్టి వెళ్లాలా వద్దా అన్నదానికంటే, వెళ్లి ఎవరి చేతికింద పనిచేస్తారన్నది ముఖ్యం.

మీరు నెహెమ్యాను తలచారు, మంచిదే. మూడవ అధ్యాయంలో కంసాలులు, సుగంధద్రవ్యాలు చేసేవారు, షల్లూమూ అతని కుమార్తెలూ గోడ బాగుచేసినట్టు ఉంది. నిజమే, వారిలో తాపీపని వృత్తిగా గలవారు ఎందరో చెప్పలేం. అయితే అదే అధ్యాయంలో పదేపదే వచ్చే మాట ఇంకొకటుంది: చాలామంది తమ తమ ఇంటికి ఎదురుగా కట్టుకున్నారు. గోడ వంకరపోతే రేపు తన గుమ్మం ముందే కూలుతుందని ఎరిగినవాడి పని వేరు, తొమ్మిదో రోజున విమానం ఎక్కేవాడి పని వేరు.

నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజినీరును. కొన్నేళ్ల క్రితం ఒక బృందంతో మధ్య అమెరికాలో ఒక పల్లెకు వెళ్లాను. సిమెంటు బ్లాకుల గోడ. ఊరి మేస్త్రీలు ముగ్గురు మాకు తాపీలు ఇచ్చి మర్యాదగా పక్కన నిలబడ్డారు. మావాళ్లు వరుసకు అరగంట చొప్పున పేర్చుతూ, మధ్యమధ్య ఫొటోలు దిగారు. నాలుగో వరుసకు ఆ ముగ్గురిలో పెద్దవాడు ఏమీ అనకుండా, గోడ నిటారుగా ఉందో లేదో చూసే తూకపు గుండు వేలాడదీశాడు. గోడ బొటనవేలి మందాన బయటికి వాలి ఉంది. అతను నవ్వి, పై రెండు వరుసలూ విప్పి, మాలు ఆరకముందే బ్లాకులు కడిగి మళ్లీ పేర్చాడు. ఆ వారం వారికి కూలి ముట్టిందా అని నేను అడగలేదు. ఇప్పుడైతే మొదట అదే అడిగేవాణ్ణి. ఆఖరి రెండు రోజులు మేము రంగులు వేశాం. గోడకు రంగు వేసి, దాని ముందు నిలబడి ఫొటో తీయించుకోకుండా యాత్ర ముగిసినట్టు అనిపించదు మరి! సిమెంటు పూతకు వారం రోజులైనా నీళ్లు కొట్టాలి, ఆ తరువాత కొన్ని వారాలు ఆరాలి. మేము పచ్చి గోడ మీద వేసిన రంగు ఏడాది తిరక్కముందే పొరలు పొరలుగా ఊడిపోయిందని తరువాత తెలిసింది. మీరు వెళ్లే జూన్ హోండురాస్‌లో వానాకాలం. రంగుల డబ్బాలు ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి.

స్పానిష్‌లో పని నడిపించే పెద్ద తాపీమేస్త్రిని 'మాయెస్త్రో' అంటారు. మన 'మేస్త్రి' పోర్చుగీసు నుంచి వచ్చిన మాట; రెండూ ఒక తల్లి బిడ్డలే. మీ యాత్రలో ఆ మాయెస్త్రో మీకు మేస్త్రి కావాలి, మీరు ఆయనకు కూలీలు కావాలి. తాపీ ఆయన చేతిలో ఉండనివ్వండి. ఇసుక జల్లించడం, బ్లాకులు అందించడం, తట్టలు మోయడం, నీళ్లు కొట్టడం – పదిహేడేళ్ల కుర్రవాడికి ఇవి చాలు, నడుం విరుగుతుంది కూడా. మీ పాస్టరుగారి ద్వారా అక్కడి సంఘాన్ని మూడు సంగతులు అడిగించండి. గదులు కావాలని వారే కోరారా, లేక మీరు వస్తామంటే కాదనలేకపోయారా? మేస్త్రీలకు, ఊరి కూలీలకు ఆ వారమంతా పూర్తి కూలి మీ బడ్జెట్టులో ఉందా? మీరు వచ్చేశాక కప్పు వేయించి, తలుపులు పెట్టించే డబ్బు ఎవరిది? మూడోదానికి జవాబు లేకపోతే పదహారు మందికి బదులు ఆరుగురు వెళ్లండి. మిగిలిన పదిమంది టికెట్ల సొమ్ము కప్పుకు ఇవ్వండి.

కూలి మాట వచ్చింది గనుక మన నేల సంగతి ఒకటి చెబుతాను. 1876–78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి పని ఇచ్చి కూలి ఇచ్చారు. పని జరుగుతున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపారు, కూలి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని. కరవు సాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మీ బృందం కూడా పని వేళ పని, ప్రార్థన వేళ ప్రార్థన అన్నట్టు ఉంటే మేలు; బడిలో పిల్లలను చేర్చుకోవడానికి ఆరాధనకు రావడం షరతు కాకూడదు.

ప్రశ్న: మా ఊరి ప్రార్థనామందిరం స్లాబు వేయడానికి విదేశం నుంచి ఎనిమిది మంది సహోదరులు టూరిస్టు వీసా మీద వస్తామంటున్నారు. డబ్బు కూడా చేతికి తెచ్చి ఇస్తారట. ఇబ్బందేమైనా ఉందా?
– ఒక సంఘ కాపరి, ప్రకాశం జిల్లా

జవాబు: ఉంది, రెండిటా ఉంది. టూరిస్టు వీసా ముఖ్యంగా ఊళ్లు చూడడానికి, బంధువులను కలవడానికి. మిషనరీ పనికి వేరే వీసా ఉంది. డబ్బు విషయంలో విదేశీ విరాళాల చట్టం (2010) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేని సంఘం విదేశీ కానుక తీసుకోరాదు. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. చేతికి ఇచ్చే నోట్లు ముట్టుకోవద్దు. స్లాబు మీ ఊరి మేస్త్రితోనే వేయించండి. సెంట్రింగు (స్లాబు గట్టిపడేదాకా కింద మోసే చెక్కలు, గుంజలు) వారంలోపు విప్పవద్దు, గది వెడల్పు పదిహేను అడుగులు దాటితే రెండు వారాలు ఉంచండి. ఆ ఎనిమిది మంది సహోదరులు అతిథులుగా వచ్చి ప్రతిష్ఠ ఆరాధనలో కూర్చుంటే, పచ్చి స్లాబు మీద నడిచేవారు ఎనిమిది మంది తగ్గుతారు.